ఫంక్టర్ ఎక్కడ సరిపోతుంది, అప్లికేటివ్ ఎక్కడ కావాలి: రొయ్యల చెరువు లెక్కతో సమగ్ర మార్గదర్శి

"ఎఫ్‌మ్యాప్ దాకా బాగానే ఉందండి, ఆ మధ్యలో చుక్క గుర్తున్న దాని (<*>) దగ్గరే బండి ఆగిపోతోంది" అని భీమవరం, అమలాపురం వైపు కాలేజీల్లో హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునే పిల్లలు తరచూ అడుగుతుంటారు. మొదటిది ఫంక్టర్ పనిముట్టు, రెండోది అప్లికేటివ్ పనిముట్టు. విడివిడిగా జవాబులు చెప్పీ చెప్పీ, ఇక అంతా ఒకచోట వరుసగా పెడితే మేలనిపించింది. కేటగిరీ థియరీ అక్కర్లేదు. మోనాడ్ (అప్లికేటివ్ తర్వాతి మెట్టు) జోలికి కూడా తప్పనిసరి అయిన చోటే వెళ్తాను.

ఉదాహరణ మా బాబాయి రొయ్యల చెరువు. ఆయన ఫోన్లో నింపుకునే చిన్న యాప్ ఒకటి రాసిపెట్టాను. ఈ పాఠంలో ఉన్న తప్పుల్లో సగం ఆ యాప్‌లో నేను చేసినవే.

## 1. కూర్చునే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

కోడ్ అంతా హాస్కెల్ పద్ధతిలోనే ఉంటుంది. చదవడానికి వీలుగా పేర్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు కీబోర్డు మీద కొట్టేటప్పుడు మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగే కొట్టండి. టైపు చెప్పేచోట నేను ఒక్క కోలన్ పెడుతున్నాను, హాస్కెల్‌లో రెండు పెట్టాలి. ×, ÷ గుర్తులకి బదులు *, / కొట్టాలి.

- జీహెచ్‌సీ (హాస్కెల్ కంపైలర్) ఇన్‌స్టాల్ చేసుకుని, జీహెచ్‌సీఐ (కోడ్ ఒక్కో లైనూ కొట్టి చూసే కిటికీ) తెరిచి ఉంచండి.
- కోలన్ పక్కన టి కొడితే టైపు చెబుతుంది. ఈ పాఠంలో అన్నిటికంటే ఎక్కువ వాడేది అదే.
- మేబీ (విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు), ఈథర్ (లెఫ్ట్ అంటే తప్పు, రైట్ అంటే సరైన విలువ), లిస్ట్, ఈ మూడూ ఏమిటో తెలిసి ఉండాలి.
- పక్కన తెల్ల కాగితం, పెన్ను పెట్టుకోండి. టైపులు చేత్తో రాస్తేనే ఎక్కుతాయి.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది దాటేస్తారు: కర్రీయింగ్. హాస్కెల్‌లో మూడు విలువలు తీసుకునే ఫంక్షన్ నిజానికి ఒక విలువ తీసుకుని, మిగతా రెండిటి కోసం ఎదురుచూసే ఇంకో ఫంక్షన్‌ను ఇస్తుంది. ఇది ఒంటబట్టకపోతే అప్లికేటివ్ జన్మలో అర్థం కాదు. మీ సమస్య చుక్క గుర్తు అనుకుంటారు గానీ, పదిమందిలో ఎనిమిది మందికి అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది.

ఇక చెరువు లెక్క. రోజుకి ఎంత మేత వేయాలో తేలాలంటే మూడు అంకెలు కావాలి: బతికి ఉన్న రొయ్యలు ఎన్ని, ఒక్కోటి సగటున ఎన్ని గ్రాములు, బరువులో ఎంత శాతం మేత.

```
మేత : సంఖ్య → గ్రాములు → శాతం → కిలోలు
మేత న గ శ = న × గ ÷ 1000 × శ ÷ 100
```

2 లక్షల సీడ్ (రొయ్య పిల్లలు) వేస్తే 80 శాతం బతికాయనుకుందాం. 1,60,000 రొయ్యలు, ఒక్కోటి 10 గ్రాములు, అంటే చెరువులో 1,600 కిలోలు. 3 శాతం చొప్పున 48 కిలోల మేత. ఈ 48ని గుర్తుపెట్టుకోండి, చివరిదాకా వస్తుంది.

## 2. ఒక్క పెట్టె ఉంటే ఫంక్టర్

గ్రాములు ఎవరూ నేరుగా చెప్పరు. వల విసిరి, పడిన రొయ్యల్ని తూచి, కౌంట్ చెబుతారు. 100 కౌంట్ అంటే కిలోకి 100 రొయ్యలు, అంటే ఒక్కోటి 10 గ్రాములు.

```
తూకం : కౌంట్ → గ్రాములు
తూకం క = 1000 ÷ క
```

వల వేయని రోజున కౌంట్ గడి ఖాళీగా ఉంటుంది. అందుకని యాప్‌లో కౌంట్ టైపు మేబీ. విలువకి వేసే ఇలాంటి తొడుగునే పెట్టె అంటున్నాను. ఉంటే జస్ట్ 100, లేకపోతే నథింగ్. తూకం ఫంక్షన్‌కి మాత్రం ఈ మేబీ గొడవ తెలియదు, తెలియనవసరం కూడా లేదు.

```
ఎఫ్‌మ్యాప్ : (అ → ఆ) → పెట్టె అ → పెట్టె ఆ

ఎఫ్‌మ్యాప్ తూకం (జస్ట్ 100) = జస్ట్ 10
ఎఫ్‌మ్యాప్ తూకం నథింగ్ = నథింగ్
```

ఇదే ఫంక్టర్. మామూలు ఫంక్షన్‌ని తీసుకెళ్లి పెట్టె లోపలున్న విలువకి వర్తింపజేస్తుంది. <$> అన్నా అదే, మధ్యలో రాసే రూపం.

ఇక్కడ పట్టుకోవాల్సింది పెట్టె ఆకారం మారదన్న సంగతి. జస్ట్ నథింగ్ కాలేదు, నథింగ్ జస్ట్ కాలేదు. ఐదు అంకెల లిస్టు మీద ఎఫ్‌మ్యాప్ చేస్తే ఐదే వస్తాయి, నాలుగు రావు, ఆరు రావు. లోపలి సరుకు మారుతుంది, పెట్టె మారదు.

పెట్టె అనే పోలిక కూడా కొంతవరకే పనికొస్తుంది. ఫంక్షన్లు కూడా ఫంక్టర్లే, అక్కడ పెట్టె అంటూ కంటికి కనిపించేది ఏమీ ఉండదు. మొదటి రెండు వారాలు పెట్టె అనుకోండి, తర్వాత మెల్లగా వదిలేయండి.

## 3. సొంత ఫంక్టర్ రాస్తే చేయాల్సిన పరీక్ష

నియమాలు రెండే.

- విలువని ఉన్నదున్నట్టు తిరిగిచ్చే ఫంక్షన్‌తో ఎఫ్‌మ్యాప్ చేస్తే, మొత్తం పెట్టె ఉన్నదున్నట్టే రావాలి.
- రెండు ఫంక్షన్లు ఒకదాని తర్వాత ఒకటి ఎఫ్‌మ్యాప్ చేసినా, రెండూ కలిపి ఒకేసారి చేసినా ఫలితం ఒకటే కావాలి.

ఎన్నిసార్లు లెక్క మార్చామో తెలుస్తుందని నేనొకసారి విలువ పక్కనే ఒక అంకె పెట్టి, ఎఫ్‌మ్యాప్ చేసినప్పుడల్లా దాన్ని ఒకటి పెంచాను. కంపైలర్ నోరెత్తలేదు. కానీ ఏమీ మార్చని ఫంక్షన్‌తో ఎఫ్‌మ్యాప్ చేసినా 0 కాస్తా 1 అయింది, మొదటి నియమం పోయింది. ఆ తర్వాత రెండు ఎఫ్‌మ్యాప్‌లని ఒకటిగా కలిపి కోడ్ శుభ్రం చేసేసరికి, ఎక్కడా సంబంధం లేని చోట అంకెలు మారిపోయాయి. కంపైలర్ టైపులే చూస్తుంది, నియమాలు చూసుకోవాల్సింది మనం.

## 4. ఫంక్టర్ ఇరుక్కుపోయే చోటు

ఇక్కడ తొందరపడకండి. పాఠం మొత్తానికి ఇదే మలుపు.

ఇప్పుడు మేత లెక్కకి మూడు అంకెలూ మేబీలే. బాబాయి ఏ గడి నింపకుండా వదిలేస్తాడో ఎవరికీ తెలియదు. తెలిసిన ఆయుధం ఎఫ్‌మ్యాప్ కాబట్టి దాన్నే మొదటి పెట్టె మీద వాడదాం. కాగితం మీద టైపు రాయండి:

```
ఎఫ్‌మ్యాప్ మేత (జస్ట్ 160000) : మేబీ (గ్రాములు → శాతం → కిలోలు)
```

పెట్టెలో ఉన్నదేమిటో చూశారా? అంకె కాదు, ఫంక్షన్. కర్రీయింగ్ చేసిన పని ఇది. మేతకి మొదటి విలువ అందింది, ఇంకో రెండిటి కోసం ఆ పెట్టెలోనే కాచుకుని కూర్చుంది.

రెండో పెట్టెలో జస్ట్ 10 ఉంది. మళ్లీ ఎఫ్‌మ్యాప్ చేద్దామంటే, అది బయట ఉన్న మామూలు ఫంక్షన్‌ని అడుగుతోంది. మన ఫంక్షన్ బయట లేదు, పెట్టెలో ఉంది. నరసాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లి వైపు దిగిపోయిన మనిషిని ఇవతలి ఒడ్డున వెతికినట్టు ఉంటుంది.

అయినా పట్టుబట్టి ఎఫ్‌మ్యాప్‌లో ఎఫ్‌మ్యాప్, దాంట్లో ఇంకో ఎఫ్‌మ్యాప్ రాయొచ్చు. అప్పుడు వచ్చేది ఇది:

```
జస్ట్ (జస్ట్ (జస్ట్ 48))
```

48 వచ్చింది, కాదనను. కానీ మూడు పెట్టెల్లో దూరింది. గ్రాములు లేకపోతే జస్ట్ నథింగ్, శాతం లేకపోతే జస్ట్ (జస్ట్ నథింగ్). లేదని చెప్పడానికి మూడు రకాల "లేదు"లు. దీన్ని విప్పేందుకు రాసే కేసులు చూస్తే మీకే నవ్వొస్తుంది.

మీ కోడ్‌లో కంపైలర్ "మేబీ లోపల ఫంక్షన్" అంటున్నా, "మేబీ లోపల మేబీ" అంటున్నా ఆగి చూడండి. మొదటిదైతే అప్లికేటివ్ కోసం అడుగుతోంది. రెండోది ఏమిటో 9వ అంశంలో చూద్దాం.

## 5. అప్లికేటివ్: రెండు పనిముట్లు

```
ప్యూర్ : అ → పెట్టె అ
<*> : పెట్టె (అ → ఆ) → పెట్టె అ → పెట్టె ఆ
```

రెండో లైనుని ఎఫ్‌మ్యాప్ టైపు పక్కన పెట్టి చూడండి. తేడా ఒక్కటే: ఫంక్షన్ కూడా పెట్టెలోనే ఉంది. 4వ అంశంలో మనం ఇరుక్కున్నది సరిగ్గా అక్కడే.

ప్యూర్ మామూలు విలువని పెట్టెలోకి ఎక్కిస్తుంది. అంతే, దించదు. ఈ పంటుకి తిరుగు ప్రయాణం లేదు.

ఇప్పుడు మేత లెక్కని ఒక్కో అడుగూ విప్పుదాం. <$>, <*> రెండూ ఎడమ నుంచే జతపడతాయి.

```
మేత <$> జస్ట్ 160000 <*> జస్ట్ 10 <*> జస్ట్ 3
జస్ట్ (మేత 160000) <*> జస్ట్ 10 <*> జస్ట్ 3
జస్ట్ (మేత 160000 10) <*> జస్ట్ 3
జస్ట్ (మేత 160000 10 3)
జస్ట్ 48
```

ప్రతి అడుగులోనూ ఫంక్షన్ ఒక విలువ మింగుతోంది, పెట్టె మాత్రం ఒక్కటే ఉంటోంది. మధ్యలో ఏ ఒక్కటి నథింగ్ అయినా ఫలితం నథింగ్. మేత ఫంక్షన్‌లో ఒక్క అక్షరం మార్చలేదు, గమనించండి.

రెండు పెట్టెలే ఉంటే లిఫ్ట్‌ఏ2 వాడొచ్చు, పని అదే. జీహెచ్‌సీ 9.6 నుంచి అది ప్రెల్యూడ్‌లోనే (ఇంపోర్ట్ చేయకుండానే దొరికే మాడ్యూల్) వస్తుంది. అంతకు ముందు వెర్షన్ అయితే కంట్రోల్ డాట్ అప్లికేటివ్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసుకోవాలి.

ప్రతి అప్లికేటివూ ఫంక్టరే. ప్యూర్ ఫ <*> వ అన్నా, ఎఫ్‌మ్యాప్ ఫ వ అన్నా ఒకే ఫలితం రావాలి.

## 6. రాసేటప్పుడు పాటించే వరుస

1. పెట్టెల గొడవ మరిచిపోయి ముందు మామూలు ఫంక్షన్ రాయండి. మామూలు అంకెలతో పరీక్షించండి.
2. అసలు డేటాలో ఏ విలువలు పెట్టెల్లో వస్తాయో గీత గీసి గుర్తించండి.
3. ఒక్కటే అయితే ఎఫ్‌మ్యాప్. అక్కడితో ఆపేయండి.
4. రెండు లేదా ఎక్కువైతే, ఒకదాని లోపలి విలువ తెలియకుండా రెండోది తెచ్చుకోగలమా అని అడగండి. తెచ్చుకోగలిగితే అప్లికేటివ్.
5. అన్నీ ఒకే రకం పెట్టెలా? ఒకటి మేబీ, ఇంకోటి ఈథర్ అయితే ముందు ఒకే రకానికి మార్చండి.
6. కొన్ని విలువలు పెట్టెలో లేకపోతే వాటికి మాత్రం ప్యూర్ తొడగండి.
7. ఫంక్షన్ పేరు, తర్వాత ఒక్కసారి <$>, మిగతావాటికి <*>. ప్రతిసారీ టైపు అడిగి చూడండి.

చాలామంది ఒకటో అడుగు వదిలేసి నేరుగా పెట్టెలతో మొదలుపెడతారు. తప్పు లెక్కలో ఉందా, పెట్టెల్లో ఉందా తెలియక అక్కడే తెల్లారుతుంది.

## 7. లిస్టుకి రెండు అప్లికేటివ్‌లు

ఒక టైపుకి నియమాలు పాటించే ఫంక్టర్ ఉంటే ఒక్కటే ఉంటుంది. అప్లికేటివ్ అలా కాదు, ఒకటి కంటే ఎక్కువ ఉండొచ్చు. ఈ ముక్క ఎవరూ ముందు చెప్పకపోవడంతో నేను దెబ్బతిన్నాను.

మూడు చెరువుల్లో రొయ్యలు పట్టారు. కిలోలు ఒక లిస్టు, రేట్లు ఒక లిస్టు. అంకెలు ఉదాహరణకే.

```
కిలోలు = [1000, 1500, 800]
రేట్లు = [250, 280, 300]
(×) <$> కిలోలు <*> రేట్లు
```

నాకు కావాల్సింది మొదటి చెరువుకి మొదటి రేటు, రెండోదానికి రెండోది. మొత్తం 9,10,000 రావాలి. యాప్ 27,39,000 చూపించింది. బాబాయి మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. ఆ వెలుగు ఆర్పాల్సింది నేనే కదా.

జరిగింది ఏమిటంటే, లిస్టు అప్లికేటివ్ ప్రతి కిలోనీ ప్రతి రేటుతోనూ గుణిస్తుంది. మూడు మూళ్లు తొమ్మిది లెక్కలు. జతలు జతలుగా కావాలంటే జిప్‌లిస్ట్ అనే తొడుగు వేయాలి. అప్పుడు మూడే వస్తాయి: 2,50,000, 4,20,000, 2,40,000.

ఈ రెండిటికీ ప్యూర్ కూడా వేరు. లిస్టులో ప్యూర్ ఒకే ఒక్క విలువున్న లిస్టు ఇస్తుంది. జిప్‌లిస్ట్‌లో అదే విలువని అంతులేకుండా తిప్పుతుంది. ఎందుకో కాగితం మీద చూడండి: జతలు కట్టేటప్పుడు పొట్టి లిస్టు దగ్గరే ఆగిపోతాం. ప్యూర్ ఒక్క విలువే ఇస్తే మూడు చెరువుల లిస్టు ఒక్క చెరువుకి కుదించుకుపోతుంది, నియమం చెడుతుంది.

లిస్టు అప్లికేటివ్ దండగేమీ కాదు. మూడు రేట్లు, మూడు బరువులు పెట్టి "ఇలా అయితే ఎంత, అలా అయితే ఎంత" అని పట్టిక వేయాలంటే సరిగ్గా అదే కావాలి.

ఫంక్టర్ ఆకారాన్ని ముట్టుకోదు. అప్లికేటివ్ మాత్రం రెండు ఆకారాల్ని కలుపుతుంది, ఎలా కలపాలన్నది ఆ అప్లికేటివ్ ఇష్టం. కొత్త లైబ్రరీ టైపు చేతికొస్తే నేను మొదట వెతికేది దీనికే.

## 8. తప్పులన్నీ ఒకేసారి చూపించడం

నిజంగా ఉద్యోగంలో అప్లికేటివ్ అన్నం పెట్టేది ఇక్కడే.

మొదటి వెర్షన్‌లో ఫారం తనిఖీకి ఈథర్ వాడాను. బాబాయి ఒకరోజు కౌంట్ అంకెని తీసుకెళ్లి గ్రాముల గడిలో కొట్టాడు, సంఖ్య గడిలో మైనస్ పడింది, శాతంలో 30 పడింది. సేవ్ నొక్కితే "సంఖ్య తప్పు" అంది. సరిచేశాడు. నొక్కితే "గ్రాములు తప్పు" అంది. సరిచేశాడు. నొక్కితే "శాతం తప్పు". గట్టు మీద ఎండలో నిలబడి ఫోన్ చేశాడు:

"ఏరా, ఇందాకే ఆ మూడూ కలిపి ఏడవొచ్చు కదరా నీ యాప్‌కి!"

ఆయన అడిగింది న్యాయమే. ఈథర్ మొదటి లెఫ్ట్ దగ్గరే ఆగిపోతుంది. దాన్ని మార్చలేం, ఎందుకంటే ఈథర్ మోనాడ్ కూడా, దాని <*> ఆ మోనాడ్ నడకతో కలిసి నడవాలి. మోనాడ్‌లో రెండో అడుగు మొదటిదాని విలువ మీద ఆధారపడొచ్చు. మొదటిది పడిపోతే రెండోది మొదలయ్యే దారే లేదు.

అందుకని మోనాడ్ కాని, అప్లికేటివ్ మాత్రమే అయిన టైపు కావాలి. హాస్కెల్‌లో వాలిడేషన్ పేరుతో ప్యాకేజీ ఉంది. స్కాలా వాళ్లకి క్యాట్స్ లైబ్రరీలో వాలిడేటెడ్ ఉంది. లోపల ఏముందో తెలియాలంటే ఒకసారి చేత్తో రాసుకోండి:

```
తప్పు అ <*> తప్పు ఆ = తప్పు (అ ++ ఆ)
తప్పు అ <*> సరి _ = తప్పు అ
సరి _ <*> తప్పు ఆ = తప్పు ఆ
సరి ఫ <*> సరి వ = సరి (ఫ వ)
```

మొదటి లైనే కీలకం. రెండు వైపులా తప్పులుంటే రెండూ కలుపుతోంది. అందుకే తప్పుల టైపుకి ఒకదానితో ఒకటి అతికే గుణం, అంటే సెమీగ్రూప్, ఉండాలి. లిస్టు అయితే సరిపోతుంది.

వాడే చోట కోడ్ రూపం ఏమీ మారదు:

```
మేత <$> సంఖ్యతనిఖీ ఫారం <*> గ్రాములతనిఖీ ఫారం <*> శాతంతనిఖీ ఫారం
```

అమర్చే వరుస:

- ఒక్కో గడికి ఒక్కో తనిఖీ ఫంక్షన్. ఒకదానికి ఇంకోదాని ఫలితం అక్కర్లేకుండా చూసుకోండి.
- తప్పు సందేశంలో గడి పేరు తప్పకుండా ఉండాలి. మూడు సందేశాలు కలిసి వచ్చినప్పుడు "అంకె చెల్లదు" అని మూడుసార్లు చూపిస్తే ఎవరికి అర్థమవుతుంది?
- ఒక తప్పు పెట్టి, తర్వాత రెండు, తర్వాత మూడూ పెట్టి పరీక్షించండి. ఒక్క తప్పుతో పరీక్షిస్తే ఈథర్‌కీ దీనికీ తేడా కనపడదు. నేను మోసపోయింది అలాగే.

జావాస్క్రిప్ట్ రాసేవాళ్లకి ఇదే కథ ప్రామిస్‌లో ఎదురవుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు రిక్వెస్టుల్ని వరుసగా అవెయిట్ చేస్తూ కూర్చునే కంటే ప్రామిస్ డాట్ ఆల్‌కి ఇస్తే మూడూ కలిసి నడుస్తాయి. కానీ అది మొదటి తప్పుకే చేతులెత్తేస్తుంది. అన్నిటి సంగతీ తెలియాలంటే ఆల్‌సెటిల్డ్ వాడాలి.

## 9. అప్లికేటివ్ కూడా చాలని చోటు

రొయ్య రేటు కౌంట్‌ని బట్టి ఉంటుంది. కౌంట్ తెలిస్తేగానీ ఏ రేటు అడగాలో తెలియదు. అంటే రెండో పెట్టెని తెచ్చుకోవడానికి మొదటి పెట్టె లోపలి విలువ కావాలి. అప్లికేటివ్‌లో ఇది కుదరదు, మోనాడ్ కావాలి.

కాటా నుంచి వచ్చే కిలోలు, వల వేసి చూసిన కౌంట్, ఈ రెండూ ఒకదాని కోసం ఒకటి ఆగవు. అక్కడ అప్లికేటివ్ చాలు.

ఇంకో గుర్తు: మీ ఫంక్షనే పెట్టెని తిరిగిస్తోందా? కౌంట్ గడిలో 0 పడితే భాగహారం కుదరదు కాబట్టి, తూకాన్ని నథింగ్ ఇచ్చేలా మార్చామనుకోండి. దాన్ని ఎఫ్‌మ్యాప్ చేస్తే జస్ట్ (జస్ట్ 10) వస్తుంది. 4వ అంశంలో అన్న "మేబీ లోపల మేబీ" ఇదే. దీన్ని <*> విప్పలేదు, మోనాడ్ పనిముట్టు అయిన బైండ్ విప్పుతుంది.

అలాగని అన్నిటికీ మోనాడ్ వాడేస్తే పోలా అంటారు కొందరు. వాడొచ్చు. కానీ 8వ అంశంలోని మూడు సందేశాల సౌకర్యం అప్పుడు ఉండదు.

## 10. ఫంక్టర్ అయ్యీ అప్లికేటివ్ కానివి

- కీ, విలువల మ్యాప్. విలువల మీద ఎఫ్‌మ్యాప్ హాయిగా పనిచేస్తుంది. కానీ ప్యూర్ రాయాలంటే ఉండగలిగిన ప్రతి కీకీ విలువ పెట్టాలి, అది అయ్యే పని కాదు.
- రెండు విలువల జత. రెండో విలువ మీద ఎఫ్‌మ్యాప్ వస్తుంది. అప్లికేటివ్ కావాలంటే మొదటి విలువ టైపు మోనాయిడ్ (ఖాళీ విలువ కూడా ఉన్న సెమీగ్రూప్) అయి ఉండాలి, లేకపోతే ప్యూర్‌లో ఆ చోట ఏం పెట్టాలో తెలియదు.

అసలు ఫంక్టరే కానివీ ఉన్నాయి. విలువని తీసుకుని అవును, కాదు చెప్పే ఫంక్షన్‌లో ఆ విలువ వైపు ఎఫ్‌మ్యాప్ రాయలేరు, దిశ తిరగబడుతుంది. హాస్కెల్ సెట్ కూడా కాదు, దానికి లోపలి విలువలు క్రమంలో పెట్టగలిగేవి కావాలి, ఫంక్టర్ అలాంటి షరతు ఒప్పుకోదు.

## 11. తరచూ దొర్లే తప్పులు, సవరణలు

మొదటి గుర్తే <*> పెట్టడం. ఫంక్షన్ పక్కన <$> కి బదులు <*> కొడితే వచ్చే ఎర్రర్ మెసేజ్ ఎక్కడిదో అనిపిస్తుంది. కారణం, ఫంక్షన్లకి కూడా అప్లికేటివ్ ఉంది, కంపైలర్ మీరు దాన్ని వాడుతున్నారనుకుంటుంది. మెసేజ్ చదివి తల బద్దలు కొట్టుకునే ముందు మొదటి గుర్తు చూడండి.

విలువల వరుస తారుమారు. మిగిలిన మేత అంటే కొన్నదాంట్లోంచి వాడినది తీసేస్తే వచ్చేది. రెండూ కిలోలే, రెండూ మేబీలే. తిరగేసి ఇస్తే కంపైల్ అవుతుంది, జవాబు మైనస్‌లో వస్తుంది. రెండిటికీ వేరువేరు న్యూటైప్‌లు (ఉన్న టైపుకే తొడిగే కొత్త టైపులు) పెట్టండి. మేత లెక్కలో అంతా గుణకారమే కాబట్టి తారుమారైనా 48 వస్తుంది, పరీక్షలో ఈ తప్పు దొరకదు.

జత మీద ఎఫ్‌మ్యాప్ రెండిటినీ మారుస్తుందనుకోవడం. (1, 2) మీద ఒకటి కలిపితే (1, 3) వస్తుంది. ఈథర్‌లో కూడా రైట్ వైపే మారుతుంది. లెఫ్ట్ వైపు మార్చాలంటే బైమ్యాప్ కుటుంబంలో చూడండి.

పెట్టెని తెరవబోవడం. జస్ట్ నుంచి విలువ లాగడానికి ఫ్రమ్‌జస్ట్ కొట్టారంటే, ఏదో ఒకరోజు నథింగ్ తగిలి ప్రోగ్రాం కూలుతుంది. ఫంక్షన్‌నే లోపలికి పంపండి. తెరవడం చివర్లో, స్క్రీన్ మీద చూపించేటప్పుడు, ఒక్కసారే, రెండు కేసులూ రాసి.

జావాస్క్రిప్ట్ మ్యాప్‌ని ఎఫ్‌మ్యాప్ అనుకోవడం. అది విలువతో పాటు వరుస సంఖ్యని కూడా ఫంక్షన్‌కి ఇస్తుంది. '10' మూడుసార్లున్న లిస్టు మీద పార్స్‌ఇంట్‌ని నేరుగా మ్యాప్ చేస్తే, అది ఆ వరుస సంఖ్యని అంకెల బేస్ అనుకుంటుంది, దాంతో 10, నాన్ (NaN, అంటే అంకె కాదు), 2 వస్తాయి. ఒక్క విలువే తీసుకునే చిన్న ఫంక్షన్‌లో చుట్టి ఇవ్వండి.

## 12. కోడ్ పంపే ముందు చెక్‌లిస్ట్

- పెట్టెలు ఎన్ని? ఒక్కటైతే <*> ఎందుకు వచ్చింది?
- ఒక పెట్టె ఇంకోదాని లోపలి విలువ కోసం ఆగుతోందా?
- లిస్టు అయితే అన్నిటితో అన్నీ కావాలా, జతలా?
- తప్పులు మొదటిదొక్కటే చాలా, అన్నీ కావాలా?
- ఒకే టైపు విలువలు పక్కపక్కన ఉన్నాయా? వరుస సరిచూశారా?
- సొంత అప్లికేటివ్ అయితే, ఏమీ మార్చని ఫంక్షన్‌కి ప్యూర్ తొడిగి <*> చేస్తే పెట్టె అలాగే వస్తోందా?

## 13. ఒకటి కాదు, ఎనిమిది చెరువులైతే

ఇది చివర్లో పెట్టాను గానీ, అందరూ అడిగేది ఇదే. చెరువుల లిస్టు ఉంది, ఒక్కోదానికి మేత లెక్క మేబీగా వస్తుంది. ట్రావర్స్ వాడితే లిస్టు మొత్తానికి అప్లికేటివ్‌ని నడిపి, మేబీని బయటికి తెస్తుంది.

```
మ్యాప్ చెరువుమేత చెరువులు : లిస్ట్ (మేబీ కిలోలు)
ట్రావర్స్ చెరువుమేత చెరువులు : మేబీ (లిస్ట్ కిలోలు)
```

రెండో లైను చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అందుకే అందరూ అదే రాస్తారు. కానీ దాని అర్థం తెలుసుకుని రాయండి: ఎనిమిది చెరువుల్లో ఒక్కదానికి వల వేయకపోయినా మొత్తం నథింగ్. ఆ రోజు మిగతా ఏడు చెరువులకీ మేత ఎంతో యాప్ చెప్పదు.

గోడౌన్ నుంచి మొత్తం ఎన్ని బస్తాలు తేవాలో లెక్కేసేటప్పుడు ఆ కఠినత్వం మంచిదే, సగం లెక్కతో బండి పంపితే మళ్లీ తిరగాలి. తెల్లారగట్ల గట్టు మీద మేత చల్లే కుర్రాడికి మాత్రం మామూలు మ్యాప్ ఫలితం ఇవ్వండి. ఏడింటికి అంకెలు కనిపిస్తాయి, ఎనిమిదోదాని పక్కన "వల వేయలేదు" అని ఉంటుంది.